లష్కర్ నుంచి లస్కర్ దాకా: గోదావరి మీద ఐదు రోజుల సఫర్



ప్రయాణం గురించి తెలుగులో నాలుగు ముక్కలు మాట్లాడి చూడండి. ఎక్కడో ఒకచోట మన లఫ్జ్ ఒకటి తగలక మానదు. బండి పోయేది "రహదారి" మీద. ఇది ఫార్సీ రాహ్‌దారీ. మొదట్లో దారి సుంకం, దారి చీటీ అని అర్థం. మధ్యలో ఆగే చోటు "మజిలీ", అంటే మంజిల్. నాలుగు రోజులు ఉండిపోతే "మకాం", అది అరబ్బీ మఖామ్. గుడ్డతో వేసుకున్న ఇల్లు "డేరా". పడవ నడిపేవాడు "సరంగు", ఫార్సీలో సర్‌హంగ్. పడవను నిలబెట్టేది "లంగరు". ఒక ఇలాఖా దాటి ఇంకో ఇలాఖాలో కాలు పెడితే "సరిహద్దు". కాశీ మజిలీ కథలు రాసిన మధిర సుబ్బన్న దీక్షితులు గారు రాజమండ్రి ఆయనే. గంగాస్నానానికి పోయే యాత్రికుడి కథలకు పేరు పెట్టబోతే ఆయన కలానికి అందిన మాట మంజిల్. అది పరాయి మాట అని ఆయన ఒక్క క్షణం ఆగి ఉంటారని నేననుకోను.

ఈ మాటలన్నీ మా అమ్మాయి కోసం ఒక కాగితం మీద రాశాను. తను ఎనిమిదో తరగతి. కాకతీయుల పాఠం అయిపోయాక క్లాసులో పక్కన కూర్చునే పిల్ల, ఏ చెడు ఉద్దేశమూ లేకుండానే, "మీవాళ్లు ఎప్పుడొచ్చారు?" అని అడిగిందట. ఇంటికొచ్చి, "అబ్బా, మనం ఎప్పుడొచ్చాం?" అంది.

ఈ సవాల్‌కి మన ఇళ్లలో రెండు రకాల జవాబులున్నాయి. ఒకటి, కోపం తెచ్చుకోవడం. రెండోది, తాజ్‌మహల్, చార్మినార్ లెక్కపెట్టడం. రెండింటిలోనూ తారీఖ్ లేదు. పిల్లలకు తారీఖ్ కావాలి. అందుకని మే నెల సెలవుల్లో బెజవాడ నుంచి కారు తీశాను. నేను, నా బీవీ, మా అమ్మీ, ఇద్దరు పిల్లలు. రెండు డేరాలు, చిన్న గ్యాస్ పొయ్యి, జానమాజులు, లోటా, ఒక పెట్టె మామిడిపళ్లు. ఐదు రోజులు గోదావరి వెంట. చూడాల్సింది కొండలు, నీళ్లు, మడ అడవులు. వాటి మధ్యలో ఎవరు ఎప్పుడొచ్చారో కూడా చూడటం.

మొదటి మజిలీ: రాజమండ్రి, 1324

కొవ్వూరు వైపు నుంచి రోడ్డు కం రైలు వంతెన ఎక్కితే గోదావరి మొత్తం ఒక్కసారి కనిపిస్తుంది. ఈ వంతెన 1974 నాటిది. దిగువన కనిపించే హేవలాక్ వంతెన మీద 1900లో రైళ్లు మొదలై 1997లో ఆగిపోయాయి. ఎండాకాలం కదా, నది మధ్యలో ఇసుక మేటలు బయటపడి ఉన్నాయి. వేడికి అవతలి ఒడ్డు వణుకుతున్నట్టు కనిపిస్తోంది.

ఊళ్లోకి వెళ్లి మెయిన్ రోడ్డులో ఉన్న పాత మసీదు దగ్గర ఆగాం. ద్వారం మీద ఫార్సీ శాసనం ఉంది. గియాసుద్దీన్ తుగ్లక్ హుకూమత్‌లో, ఆయన కొడుకు ఉలుగ్ ఖాన్ కాలంలో, సాలార్ ఉల్వీ అనే ఆయన ఈ మసీదు కట్టించాడని అందులోని సారాంశం. తేదీ హిజ్రీ 724, రమజాన్ 20. అంటే 1324 సెప్టెంబర్ 10. గోదావరి ఒడ్డున మన ఉనికికి ఇంత పాతదీ, ఇంత కచ్చితమైన తేదీ ఉన్నదీ అయిన సబూత్ నాకు తెలిసి ఇదే. మొన్న 2024లో దీనికి ఏడు వందల ఏళ్లు నిండాయి.

మా అమ్మాయి వేళ్ల మీద లెక్క వేసింది. ఓరుగల్లు పడింది 1323లో. ఆ మరుసటి ఏడే ఈ మసీదు. "అంటే ఫౌజ్‌తో వచ్చామా?" అంది.

ఉలుగ్ ఖాన్ లష్కర్ వచ్చింది, అది నిజం. ఈ చోట అంతకుముందు వేణుగోపాలస్వామి గుడి ఉండేదని ఊళ్లో చెబుతారు. ద్వారం రాళ్లను చూసినవాళ్లు ఆ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేరు. ఇదీ దానికి చెప్పాను. మా అమ్మీకి నచ్చలేదు. "బచ్చీకి ఇవన్నీ ఎందుకురా" అంది. రేపు ఇదే సంగతి ఇంకెవరో, ఇంకోలా, ఫోన్‌లో చెబుతారు కదా అమ్మీ. అప్పుడు అది విని కంగారు పడేకంటే ఇంట్లోనే, సొంత అబ్బా నోటి నుంచి వినడం మేలు.

అయితే "లష్కర్ వచ్చింది" వేరు, "మనం వచ్చాం" వేరు. ఈ తీరానికి కొందరు ఫౌజ్‌తో వచ్చారు, కొందరు బందరు లాంటి రేవుల్లో తిజారత్ కోసం దిగారు, కొందరు దర్వేషులుగా వచ్చారు. చాలామంది ఎక్కడి నుంచీ రాలేదు. ఇక్కడే పుట్టి, ఇక్కడే కలిమా చదివారు. నూర్‌బాషా, దూదేకుల ఇళ్లలో తరతరాలుగా మాట్లాడేది తెలుగే. వాళ్లను "ఎప్పుడొచ్చారు" అని అడిగితే ఏం చెప్పాలి?

రెండో మజిలీ: మారేడుమిల్లి, డేరా

రాజమండ్రి నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా ఏజెన్సీలోకి ఎక్కాం. రంపచోడవరం దాటాక గాలి మారింది. మారేడుమిల్లి దగ్గర వాగు పక్కన, అటవీశాఖ వాళ్లు చూపించిన చోట డేరాలు వేశాం. వాగులో వజూ చేశాం. సఫర్‌లో ఉన్నాం కనుక ఖస్ర్: జొహర్, అసర్, ఇషా నాలుగు రకాతులకు రెండే. మగ్రిబ్ మాత్రం మూడుకు మూడూ. ముసాఫిర్‌కి అల్లా ఇచ్చిన ఈ రియాయత్ పిల్లలకు పుస్తకంలో కంటే వాగు ఒడ్డున బాగా అర్థమైంది.

మారేడుమిల్లికి వెళ్లి బొంగులో చికెన్ తినకపోతే పిల్లలు ఊరుకోరు. మనకు జబీహా కావాలి. దారిలో మన వాళ్ల దుకాణంలో కోయించుకున్న కోడిని పట్టుకెళ్లాం. బొంగుల దగ్గర కూర్చున్న కొండరెడ్డి పెద్దావిడ ఏమీ అనుకోలేదు. "కోడి మీది, బొంగు నాది" అని నవ్వి, ముక్కలకు మసాలా పట్టించి, వెదురు బొంగులో కూరి, మూతి ఆకులతో మూసి నిప్పుల మీద పెట్టింది. చుక్క నూనె లేదు. మా అమ్మీ ఆవిడ పక్కనే పీట వేసుకుని కూర్చుని మసాలా గురించి అరగంట వకాలత్ చేసింది.

రాత్రి డేరా ముందు కూర్చుని పిల్లలకు రంప కథ చెప్పాను. ఈ కొండల పాలకుడిని "మన్సబ్‌దార్" అనేవారు. మన్సబ్ మొఘల్ దర్బార్ మాట. కానీ రంప మన్సబ్‌దార్ ముస్లిం కాదు, ఈ కొండల దొర. దర్బార్ పోయింది, మొఘలులు పోయారు, పైన ఇంగ్లీషువాళ్లు వచ్చారు. మన్సబ్ మాత్రం మిగిలింది. దాని పేరుమీద వసూళ్లూ మిగిలాయి. కొండజనం తాగడానికి గీసుకునే కల్లు మీద కూడా పన్ను వేశారు. దాన్ని చిగురు పన్ను అన్నారు. 1879 మార్చిలో రంప తిరగబడింది. తిరుగుబాటు పక్క కొండలకూ పాకింది. దాన్ని అణచడానికి సర్కారుకు మరుసటి ఏడాది దాకా పట్టింది. మళ్లీ 1922లో ఇదే అడవుల్లో అల్లూరి సీతారామరాజు వెనక ఇదే కొండజనం నిలబడ్డారు.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, మన లఫ్జులు అన్నీ అత్తరు బుడ్లు కావు. మంజిల్, మకాం ఒకవైపు. మన్సబ్, హుక్మ్, జప్తు ఇంకోవైపు. ఉర్దూ తెలుగులోకి తియ్యగా మాత్రమే రాలేదు, పన్ను చీటీ మీద కూడా వచ్చింది. పిల్లలకు మన జబాన్ మీద మొహబ్బత్ నేర్పేటప్పుడు ఈ రెండో సంగతి దాచనక్కర్లేదు.

మూడో మజిలీ: పాపికొండలు

మూడో రోజు గండి పోచమ్మ గుడి వైపు దిగి పడవ ఎక్కాం. ఇక్కడ గోదావరి కొండల మధ్య ఇరుక్కుని, రాజమండ్రిలో మైళ్ల వెడల్పున చూసిన నది ఇదేనా అన్నట్టుంటుంది. నీళ్లు చిక్కగా, చప్పుడు లేకుండా ఉంటాయి. లోతు అక్కడే ఉంది. 2019 సెప్టెంబర్‌లో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగి పదులమంది చనిపోయింది ఈ దారిలోనే. లైఫ్ జాకెట్ ఉక్కపోస్తుందని మా వాడు విప్పబోతే సరంగు స్టీరింగ్ దగ్గర నుంచే గద్దించాడు. నాకు సంతోషం వేసింది.

ఒడ్డున కొన్నిచోట్ల నీళ్లలోంచి మొండి చెట్లు, గోడల పైభాగాలు కనిపించాయి. అవి ఊళ్లు. పోలవరం కాఫర్ డ్యామ్ వచ్చాక ఎగువన నీళ్లు నిలబడి దేవీపట్నం వైపు గ్రామాలు మునిగాయి. అక్కడి కొండరెడ్లు, కోయలు పునరావాస కాలనీలకు వెళ్లిపోయారు.

మా అమ్మాయి సవాల్ నాకు అక్కడ మళ్లీ గుర్తొచ్చింది. ముందు ఎవరొచ్చారన్నదే హక్కుకు దలీల్ అయితే, ఈ నది మీద మొదటి హక్కు కొండరెడ్లది, కోయలది. రాజులు, సుల్తానులు, దొరలు, మన లష్కర్లు, ఎదురుగా నిలబడిన లష్కర్లు, అందరూ వాళ్ల తర్వాతే. మరి అందరికంటే ముందున్నవాళ్లే ఈ రోజు సామాను నెత్తిన పెట్టుకుని మొదట వెళ్లిపోవలసి వచ్చింది. అంటే "ఎవరు ముందు" అనే లెక్క నిజంగా హక్కు తేల్చే లెక్క కాదు. అది ఎప్పుడూ కండబలం ఉన్నవాడి చేతిలో ఉండే లెక్క. ఈ ముక్క దానికి చెప్పాను. వెంటనే ఏమీ అనలేదు. నీళ్లలో కనిపించే గోడల వైపు చాలాసేపు చూసింది.

నాలుగో మజిలీ: ధవళేశ్వరం

రాజమండ్రి నుంచి దిగువకు కొద్ది దూరం వస్తే ధవళేశ్వరం. గోదావరి ఇక్కడే పాయలుగా చీలి డెల్టా మొదలవుతుంది. ఇక్కడే ఆర్థర్ కాటన్ 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852 నాటికి పూర్తి చేశాడు. ఇప్పుడు మనం కారులో దాటే బ్యారేజీ తర్వాతి కాలంలో కట్టింది. దాని గేట్లు 175. కాటన్ మ్యూజియం పిల్లలకు చూపించదగ్గది. నదిని ఎలా కొలిచారో, రాళ్లు ఎలా దింపారో అక్కడ అర్థమవుతుంది.

కాటన్ దగ్గరికి ఇలాఖా ఎలా వచ్చిందన్నది మాత్రం మ్యూజియంలో కంటే మన తారీఖ్‌లో ఎక్కువ దొరుకుతుంది. కుతుబ్‌షాహీలు 1570ల మొదట్లో రాజమండ్రి తీసుకున్నారు. తర్వాత మొఘలులు, వాళ్ల వెనక నిజాం. చికాకోల్, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి, గుంటూరు, ఈ ఐదూ సర్కార్లు. "సర్కారు జిల్లాలు" అనే మాట అక్కడిదే. కాకినాడ నుంచి బయలుదేరే సర్కార్ ఎక్స్‌ప్రెస్ పేరూ అదే. 1765లో షా ఆలం బాద్షా ఫర్మానా, 1766లో నిజాం అలీ ఒప్పందం. ఆ రెండు కాగితాలతో గుంటూరు తప్ప మిగతా సర్కార్లు ఇంగ్లీషు కంపెనీ చేతికి పోయాయి. మన బాద్షాలు, నవాబులు ఈ నదిని కాగితం మీద ఇచ్చేశారు. ఇక్కడి రైతును అడిగిందెవరు?

కాలువ తల దగ్గర లాకు చూస్తుంటే ఖాకీ చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన వచ్చి పిల్లలకు తలుపులు ఎలా తిరుగుతాయో చూపించాడు. మీరు ఏం పని చేస్తారని మా అమ్మాయి అడిగింది. "లస్కర్నమ్మా. మా నాన్నా లస్కరే" అన్నాడు.

నీటిపారుదల శాఖలో కాలువ గట్టు మీద తిరిగి, తూములు ఎత్తి దించి, పొలానికి నీళ్లు వదిలే మనిషిని లస్కర్ అంటారు. డెల్టాలో ప్రతి రైతుకూ తెలిసిన మాట. అది లష్కరే. ఫార్సీలో సైన్యం. ఫౌజ్ వెంట సామాను మోసేవాడు, ఫిరంగి లాగేవాడు లష్కరీ అయ్యాడు. ఇంగ్లీషువాళ్లు ఆ మాటను పట్టుకుని తమ ఓడల్లో పనిచేసే మన దేశపు నావికులను, శిబిరంలో డేరాలు వేసే నౌకర్లను లస్కర్ అన్నారు. ఆ తర్వాత అది కాలువ గట్టుకు చేరింది.

1324లో ఈ నది ఒడ్డుకు కత్తి పట్టుకుని వచ్చిన మాట, ఈ రోజు అదే నది ఒడ్డున తూము తలుపు ఎత్తుతోంది. ఆ పెద్దాయన హిందువు. ఈ సంగతి చెబితే, "అట్టాగా! మేం ఇంగ్లీషు మాటనుకుంటన్నాం" అని నవ్వాడు. మాటకు మతం మిగల్లేదు, పని మాత్రం మిగిలింది. ఏడు వందల ఏళ్లు ఒక చోట ఉంటే ఏం జరుగుతుందో దీనికంటే మంచి మిసాల్ నాకు దొరకలేదు.

ఐదో మజిలీ: విలస, ద్రాక్షారామం

కోనసీమలోకి దిగితే ఎండాకాలం అని మర్చిపోతాం. రెండు పక్కలా కొబ్బరి తోటలు, కాలువ మీద నీడ. అక్కడ విలస అనే ఊరుంది. చూడటానికి కోనసీమలో ఏ ఊరైనా అంతే. కానీ తారీఖ్ చదివినవాళ్లకు ఈ పేరు బాగా తెలుసు. ఓరుగల్లు పడ్డాక ఢిల్లీ హుకూమత్ మీద తిరగబడి దాన్ని తరిమిన ముసునూరి ప్రోలయ నాయకుడు ఒక బ్రాహ్మణ పండితుడికి దానంగా ఇచ్చిన ఊరు ఇది. ఆ దాన పత్రం సంస్కృత రాగిరేకుల శాసనం. 1330 ప్రాంతాల నాటిదని పండితుల అంచనా.

దాని సారాంశం పిల్లలకు చెప్పాను. ప్రతాపరుద్రుడు ఢిల్లీకి బందీగా పోతూ నర్మద ఒడ్డున చనిపోయాడు. ఆ తర్వాత ఇక్కడ చీకటి కమ్మింది. డబ్బున్నవాళ్లను హింసించారు. రైతుల పంట లాక్కున్నారు. అగ్రహారాలు పోయాయి. గుళ్లలో విగ్రహాలు విరిగాయి.

అంటే రాజమండ్రి శాసనానికీ విలస శాసనానికీ మధ్య దూరం ఒక పూట ప్రయాణం, పదేళ్ల లోపు కాలం. ఒకటి ఫార్సీ, ఒకటి సంస్కృతం. ఒకటి గెలిచినవాడి ఇబాదత్‌గాహ్, ఇంకోటి ఓడి మళ్లీ లేచినవాడి గోడు. ప్రశస్తి శాసనాల్లో అతిశయోక్తి ఉంటుంది, ఒప్పుకుంటాను. శత్రువును ఎంత నల్లగా రాస్తే రాజు అంత తెల్లగా కనిపిస్తాడు. కానీ ఆ వంకతో మొత్తం కొట్టిపారేస్తే, రాజమండ్రి శాసనాన్ని కూడా ఇంకొకరు అలాగే కొట్టిపారేయవచ్చు. మన రాయిని నమ్మమని అడిగేవాళ్లం, వాళ్ల రేకును కూడా చదవాలి. ఇన్సాఫ్ అంటే అదే.

ఇది చెప్పడానికి ముస్లిం భయపడనక్కర్లేదు. ఆ ఉలుగ్ ఖానే తర్వాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ పేరుతో సుల్తాన్ అయ్యాడు. 1334లో ఢిల్లీ చేరిన ఇబ్నె బతూతాకు ఖాజీ ఉద్యోగం ఇచ్చింది ఆయనే. ఆయన ఉప్పు తిన్న ఇబ్నె బతూతా తన సఫర్‌నామాలో ఆ సుల్తాన్ ఎంత దాతో, నెత్తురు చిందించడంలో ఎంత కఠినుడో రెండూ రాశాడు. సుల్తాన్ జుల్మ్‌ను జుల్మ్ అనడం వల్ల ఆయన ఈమాన్‌కు ఏ లోటూ రాలేదు. మనకూ రాదు. ఉలుగ్ ఖాన్ తరఫున మనం వకీళ్లం కాము. ఆయన చేసినదానికి ముజ్రిములం కూడా కాము.

విలస నుంచి ద్రాక్షారామం వెళ్లాం. భీమేశ్వరాలయం పంచారామాల్లో ఒకటి. అదే ఊళ్లో హజ్రత్ సయ్యద్ షా భాజీ ఔలియా దర్గా ఉంది. ఫాతిహా చదివి బయటికొస్తుంటే, గుడి నుంచి వస్తున్న ఒక కుటుంబం పసిపిల్లను దర్గా గడప దగ్గరికి తీసుకొస్తోంది. వాళ్ల నుదుటి మీద విభూతి ఇంకా తడిగానే ఉంది.

ఆఖరి మజిలీ: కోరంగి, పిఠాపురం

ఐదో రోజు సాయంత్రానికి కోరంగి మడ అడవులకు చేరాం. చెక్క వంతెన మీద నడుస్తుంటే కింద బురదలో చెట్ల వేళ్లు పైకి తిరిగి ఊపిరి పీల్చుకుంటున్నట్టుంటాయి. ఒకప్పుడు ఇది పెద్ద రేవు. 1839 నవంబర్ తుపానులో సముద్రం ఊరి మీదికి వచ్చింది. రేవు మళ్లీ పాత వైభవానికి రాలేదు. ఈ తీరం నుంచి బర్మాకు కూలికి పోయిన తెలుగువాళ్లను అక్కడ "కోరంగీలు" అన్నారు. ఒకచోట ఇంటివాడు ఇంకోచోట పరాయివాడు. రంగూన్‌లో ఆ సవాల్ మన తెలుగు హిందువులూ విన్నారు, తెలుగు ముస్లింలూ విన్నారు: మీరు ఎప్పుడొచ్చారు?

పిఠాపురంలో డాక్టర్ ఉమర్ అలీషా గారి పీఠం దగ్గర సఫర్ ముగించాం. 1885లో పుట్టి 1945లో వెళ్లిపోయిన ఈ సూఫీ, ఉమర్ ఖయ్యాంను తెలుగు పద్యంలోకి తెచ్చారు, నాటకాలు రాశారు, ఢిల్లీలో కేంద్ర శాసనసభ మెంబరుగా కూర్చున్నారు. ఫార్సీ ఆయనకు ఘర్ కీ బాత్, ఛందస్సూ ఘర్ కీ బాతే. ఈ డెల్టా పద్యం రాయడానికి ఆయన్ను ఎవరి దగ్గరా సనద్ తెమ్మనలేదు. ఆయనా ఎవరికీ చూపించలేదు.

మీరూ పిల్లల్ని తీసుకెళ్లండి. నీళ్లు ఎక్కువ పెట్టుకోండి, మే నెలలో మధ్యాహ్నం ప్రయాణం వద్దు. పాపికొండల పడవలో జాకెట్ విప్పనివ్వకండి. ఏజెన్సీలో డేరా వేసేముందు అటవీశాఖ వాళ్లను అడగండి, చెత్త వెనక్కి తెచ్చుకోండి. మెయిన్ రోడ్డు మసీదు చూపించిన రోజునే విలస కథ కూడా చెప్పండి. ఒకటి చెప్పి ఒకటి దాచితే ఆ దాచింది రేపు వాళ్లకు ఎవరో విసురుతారు. రెండూ తెలిసిన పిల్ల తల దించుకోదు, కాలర్ ఎగరేయదు కూడా. మా అమ్మాయి ఆ కాగితానికి దారిలో పదకొండు మాటలు కలిపింది. "లస్కర్" కింద రెండు గీతలు గీసింది. బడి తెరిచాక పక్కన కూర్చునే పిల్లకు ఇస్తానంటోంది.

ఖుదా హాఫిజ్.